కొండ మీద రాతి లంగరు

నాలుగేళ్ళపాటు నేను చూడని కొండల్ని అమ్మాను. న్యూజెర్సీలో, పిస్కాటవేకి పది నిమిషాల దూరంలో, లాండ్రీకీ డోనట్ల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న ట్రావెల్ ఏజెన్సీ మాది. యజమాని ఢిల్లీ మనిషి. ఉత్తర భారత యాత్రలంటే జనం మా దగ్గరికే రావాలని ఆయన పట్టుదల. సిమ్లా, ముస్సోరీ, హరిద్వార్, రిషీకేశ్, కులూ లోయలో చెక్క ఇళ్ళ పాత పల్లెలు, అన్నీ కలిపి పదహారు రోజుల పట్టీ వేసేది నేను. ఏ రోజు ఎక్కడ బస, బస్సు ఎన్నింటికి, టీ ఎక్కడ, అంతా నా చేతుల మీదే జరిగేది. "మంచు శిఖరాల మీద తొలి కిరణం" లాంటి మాటలు బ్రోషర్‌లో రాసేదీ నేనే. నిజానికి గుంటూరు జిల్లా దాటాక ఉత్తరాన నేను చూసింది ఢిల్లీ విమానాశ్రయం ఒక్కటే. అదీ అమెరికా విమానం ఎక్కేముందు నాలుగు గంటలు.

మన సంఘం పత్రిక నడిపే అమ్మాయి మొన్న వచ్చి, "అంకుల్, మీ కెరీర్ గురించి ఏదైనా రాయండి, యంగ్‌స్టర్స్‌కి ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలి" అంది. ఇక్కడే పుట్టిన పిల్ల, పట్టుబట్టి తెలుగు చదవడం నేర్చుకుంది. ఆమె మాట కాదనలేక కూర్చున్నాను. ఉత్సాహం పుట్టించే సంగతులు నాకంటే బాగా బతికినవాళ్ళ దగ్గర దొరుకుతాయి. నా ఉద్యోగం మొత్తంలో మరిచిపోదామన్నా మరుపురానిది ఒకటే ఉంది. అదే రాస్తున్నాను, చదివాక ఆ అమ్మాయి వేసుకుంటే వేసుకుంటుంది, లేకపోతే లేదు.

ఎనభైల మొదటి రోజులవి. ఇక్కడ తెలుగువాళ్ళు అప్పటికి తక్కువ. సూపర్ మార్కెట్‌లో చీర కనిపిస్తే చాలు, బండి తోసుకుంటూ వెళ్ళి పలకరించేవాళ్ళం. ఆదివారం భోజనానికి పిలిచేవాళ్ళు. పప్పు వడ్డించేలోపే మూడు ప్రశ్నలు వచ్చేవి. ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఫలానావాళ్ళు మీకేమవుతారు. మూడూ కలిపితే ఒకే ప్రశ్న అని అడిగేవాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. నా ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంది. బడిలో చేర్పించేటప్పుడు మా నాన్న నాకు క్రైస్తవుల పేరు కాకుండా మామూలు పేరు రాయించాడు. ఈ రెండూ అమెరికాలో నాకు బాగా అక్కరకొచ్చాయి. "మాది వ్యవసాయమండీ" అనేవాణ్ణి. అబద్ధమూ కాదు. పొలం ఎవరిదని ఎవరూ అడగలేదు.

పొలం ఎవరిదో కాని, మా కుటుంబాన్ని గట్టెక్కించింది మాత్రం మా నాయనమ్మ. మిషన్ బంగళాలో దొరల పిల్లల్ని ఎత్తుకుని పెంచే ఆయా ఆమె. ఆ జీతంతో మా నాన్నని చదివించింది. నాన్న టీచరయ్యాడు కాబట్టి నేను అమెరికా దాకా వచ్చాను. ఆమె సంగతి నేను ఇక్కడ ఒక్కరికీ చెప్పలేదు. పిస్కాటవేలో ఒకరింటి బేస్‌మెంట్‌లో నెలకోసారి తెలుగు క్రైస్తవుల ప్రార్థన కూడిక జరిగేది. రెండుసార్లు వెళ్ళాను. ఆ ఇంటి ముందు నా కారు ఎవరైనా గుర్తుపడతారేమోనని మూడోసారి వెళ్ళలేదు.

నన్ను భోజనానికి పిలిచేవాళ్ళలో ఒక గుండె డాక్టరుగారూ ఆయన భార్యా ముఖ్యులు. తెలుగు సంఘంలో ఆయన మాటకు ఎదురులేదు. ఒంటరివాణ్ణని ఆమె నాకు డబ్బాలో పులిహోర కట్టి మరీ పంపేది. ఆ ఏడాది అక్టోబర్ యాత్రకి వాళ్ళిద్దరూ మా దగ్గర సీట్లు తీసుకున్నారు. బాగుంటే మరుసటి ఏడు సంఘం తరఫున పెద్ద యాత్రే వేద్దామని కూడా అన్నారు. మా యజమాని ఆ మాట విన్నప్పటి నుంచి నన్ను పేరుపెట్టి పిలవడం మాని "మేనేజర్ సాబ్" అనడం మొదలుపెట్టాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం డాక్టరు దంపతులు నా బల్ల ముందు కూర్చుని పాస్‌పోర్టులు ఇస్తున్నారు. తలుపు తోసుకుని ఒక తెల్ల ముసలావిడ వచ్చింది. పొడగరి, వయసుకు వంగిపోయింది, చేతికర్ర, భుజానికి గుడ్డసంచి. నా వైపు కాసేపు చూసి తెలుగులో అడిగింది.

"అబ్బాయి, గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాడివి నువ్వేనా?"

డాక్టరుగారి భార్య చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. ఆ తెలుగు తప్పులు లేని తెలుగు. మా నాయనమ్మ మాట్లాడినట్టే ఉంది, యాసతో సహా. నేను మాత్రం ఇంగ్లీషులో, "హౌ కెన్ ఐ హెల్ప్ యూ, మేడమ్?" అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంగ్లీషులోకి రాలేదు. "నేను మీ వైపు మిషన్ బడిలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. మా ఇంట్లో ఒక ఆయా ఉండేది. ఆమె ఇంటిపేరు, నీ ఇంటిపేరు ఒకటే. నీది ఆ ఊరేనని తెలిసినవాళ్ళు చెప్పారు. నువ్వు ఆమె మనవడివా?"

డాక్టరుగారు ఆసక్తిగా నా వైపు తిరిగారు. ఆయన భార్య కూడా. ఆ రెండు ముఖాల్లో చెడు ఏమీ లేదు, ఉత్త కుతూహలం. అయినా నేను పాస్‌పోర్టులు ఒకదాని మీద ఒకటి సర్దాను.

"ఆ ఇంటిపేరువాళ్ళు మా జిల్లాలో చాలామంది ఉంటారండీ. మాది వ్యవసాయం. మీరు చెప్పే ఆవిడెవరో నాకు తెలీదు" అన్నాను.

ముసలావిడ నన్ను ఇంకాసేపు చూసింది. "సరే అబ్బాయి. పొరపాటు పడ్డాను" అని, ఆ తర్వాత తను వచ్చిన పని చెప్పింది. డాక్టరుగారి భార్యే ఒక్కో మాటా అడిగి చెప్పించింది.

యుద్ధం రోజుల్లో సముద్రం ఒడ్డున బాంబులు పడతాయని భయపడి, కోస్తాలోని దొరసానుల్ని పిల్లలతో సహా ఉత్తరాది కొండలకి పంపేశారు. ఈమె చిన్నకూతురితో, ఆయాతో ముస్సోరీ చేరింది. అక్కడ పిల్లకి గొంతుజబ్బు పట్టుకుంది. తల్లికీ అంటుకుంది. "నేను ఆసుపత్రిలో తెలివి లేకుండా ఉన్నప్పుడు అది పోయింది. ఐదేళ్ళు దానికి. ఆయానే ఎత్తుకెళ్ళి పాతిపెట్టించింది. ఎక్కడో నేను చూడలేదు. లేచి తిరిగేటప్పటికి మమ్మల్ని కిందికి పంపేశారు. తర్వాత ఆయాని అడగలేదు. అడిగితే అది నిజమైపోతుందని భయం. ఇప్పుడు చూడాలని ఉంది, అడుగుదామంటే ఆయా లేదు" అంది.

మా పట్టీలో ముస్సోరీ ఉందని తెలిసి ఆమె యాత్రలో చేరింది. నేను కాగితం మీద "ప్రత్యేక కోరిక: ముస్సోరీలో పాత సమాధుల తోట" అని రాసుకుని, కింద గీత గీశాను. డాక్టరుగారి భార్య కళ్ళు తుడుచుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ దొరసానికి నలభై ఏళ్ళుగా తెలియని చోటు నాకు తెలుసు. మా నాయనమ్మ వేసవిలో అరుగు మీద పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పే కథల్లో అదొకటి. దాన్ని ఆమె చల్లకొండ అనేది. "పైనుంచి లెక్కబెడితే మూడో మెట్టురా. మెట్టంటే కాలు పెట్టే మెట్టు గాదు, కొండని నరికి అరుగులు అరుగులుగా చేశారు. మూడో అరుగు మీద గోడవారన. పక్కనే ఎవరో దొర సమాధి, దాని మీద రాతి లంగరు చెక్కారు. కొండ మీద లంగరేంట్రా, ఓడ ఎక్కడొస్తదని నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. దాని పక్కన నా చేతుల్తో పడుకోబెట్టా. కాళ్ళకాడ మూడు గుండ్రాళ్ళు పేర్చొచ్చా, మళ్ళీ ఎవరన్నా వస్తే గుర్తుంటదని." ఈ మాటలు నేను పాతికసార్లు విని ఉంటాను. ఆ బల్ల ముందు కూర్చుని ఉన్నప్పుడూ నా చెవిలో అవే ఉన్నాయి.

యాత్రకి తోడుగా మామూలుగా ఢిల్లీలోని మా ఏజెంటు వెళ్ళేవాడు. ఈసారి డాక్టరుగారు ఉన్నారని యజమాని నన్నే పొమ్మన్నాడు. పద్దెనిమిది మంది, అందులో తెలుగువాళ్ళు ఆ ముగ్గురూ నేనూ. దొరసానిని నేను తెలుగువాళ్ళలోనే లెక్కేస్తున్నాను. మిగతావాళ్ళు రిటైరైన అమెరికన్లు, కొండల ఫోటోలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు.

నా పట్టీ ఎంత గొప్పదో రెండో రోజుకే తేలిపోయింది. న్యూజెర్సీలో కూర్చుని మ్యాప్ మీద స్కేలు పెట్టి మైళ్ళు కొలిచేవాణ్ణి. అమెరికా రోడ్ల లెక్కన యాభైతో భాగించి గంటలు వేసేవాణ్ణి. టర్న్‌పైక్ హైవే మీద ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. ఘాట్ రోడ్ల మీద గేదెల మందకీ, ఎదురొచ్చే లారీకీ, కూలిన మట్టికీ ఆ సంగతి తెలియదు. డ్రైవరు నా కాగితం చూసి, మడిచి, అద్దం మీద దుమ్ము తుడిచి నాకు తిరిగిచ్చాడు. తొలి కిరణం చూడాల్సినచోటికి మేము మధ్యాహ్న భోజనం వేళకి చేరేవాళ్ళం. అమెరికన్లు మర్యాదస్తులు, బ్రోషర్ తెరిచి ఒకసారి నన్నూ ఒకసారి పొగమంచునూ చూసి మూసేసేవాళ్ళు.

హరిద్వార్‌లో డాక్టరుగారు తల్లిదండ్రులకి గంగ ఒడ్డున పిండం పెట్టారు. అక్కడ పండాలుంటారు, యాత్రికుల వంశాల వివరాలు తరతరాలుగా పొడవాటి పుస్తకాల్లో రాసి పెట్టుకునే పురోహితులు. డాక్టరుగారి పండా ఊరూ కులమూ అడిగి పుస్తకాలు తిరగేశాడు. ఆయన వంశంలో ఎవరూ అంత దూరం వచ్చినట్టు లేదు, అయినా అప్పటికప్పుడు ఆయన పేరు రాయించుకుని మురిసిపోయారు. తర్వాత పండా నా వైపు తిరిగి నీదే ఊరు, ఏ కులం అని హిందీలో అడిగాడు. బస్సు సంగతి చూసుకోవాలని చెప్పి లేచాను. దొరసాని మెట్ల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఉంది. "అబ్బాయి, మన పిల్లల పేర్లు రాసే పుస్తకం ఎక్కడైనా ఉంటే బాగుండేది కదా" అంది. "మన" అనే ఆమె ఎప్పుడూ అనేది. నేను బస్సు వైపు నడిచాను.

రిషీకేశ్ నుంచి ముస్సోరీకి నా కాగితం మీద గంటన్నర. ఉదయమే చేరేలా వేసి, దొరసానికి మధ్యాహ్నమంతా ఖాళీ ఉంచాను, ఆ మేరకు బాగానే వేశాను. మేము చేరేసరికి మూడున్నర దాటింది. మర్నాడు పొద్దున ఆరింటికే సిమ్లాకి బయల్దేరాలి. అంటే ఉన్నది ఆ సాయంత్రమే. మిగతావాళ్ళని హోటల్లో దింపి, దొరసాని, డాక్టరు దంపతులు, నేను టాక్సీలో పైకి వెళ్ళాం. డాక్టరుగారు ఆమెని ఒంటరిగా పంపనన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాకు ఆ మంచి మనసే అడ్డమైంది.

రోడ్డు అయిపోయిన చోట టాక్సీ ఆగింది. అక్కడి నుంచి నడక. దొరసాని డాక్టరుగారి భార్య చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది, మేమిద్దరం వెనక. డాక్టరుగారు గొంతు తగ్గించి, "పాపం పెద్దావిడ. ఇన్నేళ్ళకి ఆ ఆయా మనవల కోసం వెతుకుతోంది. వాళ్ళెక్కడ దొరుకుతారయ్యా, ఏ గూడెంలో ఉన్నారో" అన్నారు. ఊరి బయట మావాళ్ళ ఇళ్ళుండే చోటుకి అందరూ వాడే మాటే అది. తిట్టు కాదు. ఆయన జాలితోనే అన్నారు. "అవునండీ" అన్నాను.

కావలివాడు గేటు తాళం తీస్తూ, ఐదింటికి మూసేస్తానన్నాడు. చర్చి పుస్తకం తెచ్చి చూపించాడు. అందులో పిల్ల పేరూ వయసూ ఉన్నాయి, చోటు లేదు. చెక్క శిలువలు వానలకి ఎప్పుడో పోయాయన్నాడు. లోపల కొండవాలంతా అరుగులే. దేవదారు చెట్లు, నాచు పట్టిన రాళ్ళు, వాటి మీద అరిగిపోయిన ఇంగ్లీషు పేర్లు. దొరసాని కింది అరుగు నుంచి మొదలుపెట్టింది. ఒక్కో రాయి దగ్గరా వంగి, నాచు వేలితో గీకి చదివింది. పదో రాయి దగ్గరికే ఆయాసం వచ్చింది.

"నేను పైన చూసొస్తాను, మీరు కింద చూడండి" అన్నాను.

పైకి ఎక్కాను. చివరి అరుగు దాకా వెళ్ళి, అక్కడి నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ దిగాను. ఒకటి, రెండు, మూడు. గోడవారగా నడిచాను. చెట్టు పడి అడ్డంగా ఉంటే దాటాను. దాని వెనక రాతి లంగరు ఉంది. నాయనమ్మ చెప్పినట్టే ఉంది, చిన్నదీ కాదు, నా నడుమెత్తు. దాని పక్కన గడ్డి కప్పిన చిన్న దిబ్బ. వంగి కాళ్ళ వైపు గడ్డి తప్పించాను. మూడు గుండ్రాళ్ళు, సగం మట్టిలోకి దిగి ఉన్నాయి.

అవి మా నాయనమ్మ చేత్తో పెట్టిన రాళ్ళు. ఊళ్ళో ఆమె సమాధి మీద కూడా నేను ఒక్క రాయి పెట్టలేదు, అప్పటికి నేను అమెరికాలో ఉన్నాను. అక్కడ నిలబడితే నాకు ఏడవాలనిపించింది. ఏడవలేదు. ఒకే ఆలోచన తిరుగుతోంది. ఇక్కడ పేరు లేదు, గుర్తు లేదు. ఇదే అని చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి.

కింద నుంచి డాక్టరుగారి గొంతు వినిపించింది. "ఏవయ్యా, ఏమైనా కనిపించిందా?"

"లేదండీ" అని అరిచాను. "పైనేం లేదు."

గడ్డి మళ్ళీ సర్దాను. ఎందుకు సర్దానో తెలియదు, ఎవరూ అటు రారు కదా. కిందికి దిగాను.

ఐదు కావస్తోంది. కావలివాడు తాళంచెవులు ఆడిస్తున్నాడు. దొరసాని గేటు దగ్గర్లో, పేరు చెరిగిపోయిన ఒక చిన్న సమాధి పక్కన కూర్చుని ఉంది. పిల్లల సమాధే, కొలతని బట్టి తెలుస్తుంది. సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీసి మూత తీసింది. అందులో చింతగింజలున్నాయి, ఒకవైపు అరగదీసి తెల్లగా చేసినవి.

"ఇవి ఆయా అరగదీసి ఇచ్చింది. మా పిల్లకి గవ్వలాట నేర్పింది వీటితోనే. రాత్రి పక్కలో కూడా పెట్టుకునేది" అని డాక్టరుగారి భార్యకి చెప్పింది. గింజల్ని లెక్కపెట్టి ఆ రాయి మీద వరసగా పేర్చింది. "ఇది మనది కాదని తెలుసమ్మా. ఇవాళ్టికి ఇదే అనుకుంటాను" అంది.

నా పక్కన డాక్టరుగారు చేతి రుమాలు తీశారు. నేను వాచీ చూసుకున్నాను. పిల్లలూ, మీరు ఎప్పుడైనా ఎవరినైనా పిరికివాడు అనాలనుకుంటే, ముందు ఈ వాచీ చూసుకున్న మనిషిని గుర్తు చేసుకోండి. నా కళ్ళ ముందు నలభై ఏళ్ళు మోసుకొచ్చిన గింజలు ఎవరి సమాధి మీదో పడి ఉన్నాయి, అసలు చోటు అక్కడికి రెండు నిమిషాల నడక.

చెప్పడానికి ఆ సాయంత్రం ఇంకా మిగిలే ఉంది. భోజనాలకి ముందు ఆమె గది దాకా వెళ్ళాను. లోపల డాక్టరుగారి భార్య గొంతు వినిపించింది, అమృతాంజనం వాసన కూడా. దొరసానికి తలనొప్పిగా ఉంటే రాస్తోంది. తలుపు కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించేశాను. రేపు చెబుదాం, సిమ్లాలో ఉత్తరం రాసిద్దాం, ఇలా ఒక్కో ఊరికీ ఒక్కో వాయిదా వేసుకున్నాను. పట్టీలు వేయడం నా వృత్తి కదా. కులూ లోయలో చెక్క ఇళ్ళ పల్లెకి వెళ్ళినప్పుడు అందరూ దిగి ఫోటోలు తీసుకున్నారు. దొరసాని బస్సులోనే ఉండిపోయింది. ఖాళీ డబ్బా ఒళ్ళో ఉంది. నేను ఆమెకి టీ పట్టుకెళ్ళి ఇచ్చాను. అంతకు మించి ఏమీ ఇవ్వలేదు.

తిరిగొచ్చాం. డాక్టరుగారికి యాత్ర నచ్చింది. సంఘం యాత్ర మాకే వచ్చింది, నేను నిజంగానే మేనేజర్‌నయ్యాను. చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో డాక్టరుగారికి మా నాయనమ్మ గురించి చెప్పాను. "అలాగా, ముందే చెప్పొచ్చుగా" అని గారె తుంచుకుని అల్లప్పచ్చడి అద్దుకున్నారు. ఆ మాటలో నిజమెంతో నాకు ఇప్పటికీ తెలియదు. ఆదివారం భోజనాలు మాత్రం ఆ తర్వాత తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. అంతే జరిగింది. ఆ మాత్రం దానికి నేనంత భయపడ్డాను.

యాత్ర జరిగిన ఏడు క్రిస్మస్‌కి దొరసాని దగ్గర నుంచి కార్డు వచ్చింది. లోపల తెలుగులో, పలక మీద దిద్దినంత పెద్ద అక్షరాలతో రాసింది. "అబ్బాయికి వందనాలు. నా కోసం నువ్వు పై అరుగుల దాకా ఎక్కి వెతికావు. నీ శ్రమ మరిచిపోను."

ఆ కార్డు నా సొరుగులో రెండు నెలలుంది. సొరుగు తెరవాల్సిన పని వచ్చినప్పుడల్లా వేరే సొరుగు తెరిచేవాణ్ణి. మార్చిలో ఒక శనివారం కారు తీసి పెన్సిల్వేనియా వెళ్ళాను. రిటైరైన మిషనరీలు ఉండే వృద్ధాశ్రమం అది. ముందురోజు కూర్చుని ఒక పటం గీశాను. గేటు, అరుగులు, గోడ, పడిపోయిన చెట్టు, లంగరు, మూడు గుండ్రాళ్ళు. పటాలు గీయడం నాకు బాగా వచ్చు. ఈసారి దూరాలు కూడా సరిగ్గానే వేశాను.

ఆమె కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. ముస్సోరీ నుంచి వచ్చాక తుంటి విరిగిందట. ఇక ప్రయాణాలు లేవని నర్సు చెప్పింది. నన్ను చూసి దొరసాని ముఖం విప్పారింది. "వచ్చావా అబ్బాయి, కూర్చో. టీ తాగుతావా?"

నేను కూర్చోలేదు. మొదటిసారి ఆమెని మా నాయనమ్మ పిలిచినట్టు పిలిచాను. "దొరసానమ్మగారూ, నేను అబద్ధం చెప్పాను. ఆ ఆయా మా నాయనమ్మే."

ఆమె తలూపింది. "తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటిరోజు నుంచి. నువ్వు కాగితాల మీద వంగినప్పుడు చెవులు చూశాను. అవి ఆమె చెవులే. ఆ పెద్దవాళ్ళ ముందు చెప్పడం నీకు ఇష్టం లేదని అర్థమైంది. నీకు ఇష్టం లేనిది నేను బయటపెట్టకూడదు కదా."

"మరి తర్వాతైనా, ఒంటరిగా ఉన్నప్పుడైనా మళ్ళీ ఎందుకు అడగలేదు?"

"ఏం అడగాలి? ఆమె నీకు ఆ చోటు చెప్పి ఉంటే నువ్వే చెప్పేవాడివి. అలాంటిది ఎవరూ దాచరు" అంది, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

నేను పటం ఆమె ఒళ్ళో పెట్టాను. "చెప్పింది. ఆ రోజు నేను చూశాను కూడా. మీరు కింద ఉన్నారు. నేను పైన దాని పక్కనే నిలబడి లేదని అరిచాను."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని పటం చూసింది. వేలితో గేటు నుంచి మొదలుపెట్టి ఒక్కో అరుగూ దాటింది. లంగరు దగ్గర ఆగింది. మూడు చుక్కల మీద వేలు అలాగే ఉంచింది. ఆమె కోప్పడితే బాగుండునని ఎదురుచూశాను. తిడితే క్షమాపణ అడగడానికి నాకొక దారి దొరికేది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. పటం మీద నుంచి తల ఎత్తకుండానే అడిగింది.

"అక్కడ ఎండ పడుతుందా అబ్బాయి? అది చలికి ఓర్చుకోలేదు."

"పడుతుందమ్మగారూ. పొద్దున పూట బాగా పడుతుంది" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుని, సరే అన్నట్టు తలూపింది. నేను ఆ సమాధి దగ్గర నిలబడింది ఒక్క నిమిషం. ఆ నిమిషమంతా కింద డాక్టరుగారు నా వైపు చూస్తున్నారేమోనని చూశాను. ఎండ సంగతి నేను చూడలేదు.